తాగనివాళ్లే దిగే మెట్లు

మా ఆయన పని నుంచి రాగానే నేను గుమ్మం దాకా వెళ్లి ఆయన చేతిలో సంచి అందుకుంటాను. చూసేవాళ్లు ఎంత అన్యోన్యమో అనుకుంటారు. సంచి అందుకోవాలంటే దగ్గరికి వెళ్లాలి, దగ్గరికి వెళ్తే ఊపిరి వాసన తెలుస్తుంది. అదీ అసలు సంగతి. తొమ్మిదేళ్లుగా రోజూ ఇదే తంతు. ఆయనకూ తెలుసు. నా పని తేలికవ్వాలని సంచి ఇస్తూ కావాలనే పెద్ద నిట్టూర్పు విడుస్తాడు. నేను ఏమీ ఎరగనట్టు సంచి పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోతాను.

అలాంటి నేను ఆయన్ని వెంటబెట్టుకుని, వీధి వీధికీ వైన్ నేలమాళిగలున్న ఊరికి, అదీ ద్రాక్ష కోతల పండుగకి వెళ్లానంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు.

మేముండేది ఐర్లండ్‌లో, కాజిల్‌బార్‌లో. నేను ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో నర్సుని, ఆయన హార్డ్‌వేర్ కొట్లో పనిచేస్తాడు. అంతకుముందు లిమరిక్‌లో ఉండేవాళ్లం. అక్కడ ఒక మధ్యాహ్నం ఆయన పాపని స్కూలు నుంచి తీసుకురావడానికి వెళ్లి, కారులోనే స్టీరింగ్ మీద తల వాల్చి పడిపోయాడు. పాప బయట నిలబడి అద్దం కొట్టి కొట్టి, చివరికి టీచర్‌ని పిలిచింది. టీచర్ గార్డుల్ని పిలిచింది. ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు. ఆ రోజుతో ఆయన తాగుడు మానేశాడు. తాగుడు మానినవాళ్లు కలుసుకునే మీటింగులకి వారం వారం వెళ్లాడు, ఇప్పటికీ వెళ్తాడు. నేను మాత్రం ఊరు మార్పించాను, ఈ సంగతి ఎవరికీ తెలియకుండా చేశాను.

దాచడానికి నేను పట్టుకున్న సాకు షుగర్. కాజిల్‌బార్‌లో తెలుగువాళ్లెవరింట్లో పుట్టినరోజైనా మగవాళ్లు కొందరు గ్యారేజీలో చేరతారు, గ్లాసులు బయటికొస్తాయి. ఆయన్ని పిలిచేలోపే నేను అడ్డం పడి “ఆయనకి షుగరండీ, డాక్టరు ఒక్క చుక్క కూడా వద్దన్నాడు” అనేదాన్ని. దీనివల్ల గ్యారేజీ బెడద తప్పింది కానీ ఇంకొకటి వచ్చి పడింది. ఆంటీలందరూ ఆయన ఆరోగ్యం తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఆయన విస్తట్లో గులాబ్‌జామ్ పడితే చాలు, ఎవరో ఒకావిడ పరుగున వచ్చి “అయ్యో, అన్నయ్యగారికి షుగరు గదా!” అని తీసేసేది. మందు మానేసినవాళ్లకి తీపి మీదకి మనసు పోతుందట. పాపం, మనిషికి ఉన్న ఒక్క సరదా కూడా నా అబద్ధం మింగేసింది. ఇంటికొచ్చాక నేనే రహస్యంగా రవ్వలడ్డు పెట్టేదాన్ని.

ఇక ద్రాక్ష సంగతి. మా తెలుగు సహవాసంలో నెలకొకసారి ప్రభువు బల్ల ఉంటుంది, యేసుని తలచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. దానికి ద్రాక్షరసం కాచేది నేనే. నల్ల ద్రాక్ష కడిగి, చిదిమి, చక్కెర వేసి సన్నసెగ మీద మరిగించి, పలచటి గుడ్డలో వడకట్టి ఫ్రిజ్‌లో పెడతాను. చిన్నప్పుడు గుంటూరులో మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఐర్లండ్‌లో నా అంత బాగా కాచేవాళ్లు లేరని నాకొక గర్వం. ద్రాక్షరసం గురించి నాకు ఎవరైనా చెప్పబోతే ఊరుకోను. ఆ గర్వమే నా కొంప ముంచింది, ఆ సంగతి తర్వాత వస్తుంది.

మా సంరక్షణ గృహంలోనే నాతో ఆరేళ్లు ఒకే షిఫ్టులో పనిచేసిన ఒక చెక్ స్నేహితురాలు ఉంది. మంచి మనిషి. అచ్చం మా జిల్లా మేయో వాళ్ల యాసలోనే ఇంగ్లీషు మాట్లాడుతుంది. రెండేళ్ల కిందట తండ్రి మోకాలికి ఆపరేషన్ అయ్యాక ద్రాక్షతోట చూసుకోవడానికి వాళ్ల ఊరు మికులోవ్ వెళ్లిపోయింది. పోయిన వేసవిలో ఫోన్ చేసి “సెప్టెంబర్‌లో కోతలు. మాకు చేతులు చాలడం లేదు, మీరిద్దరూ రండి. నాలుగు రోజులు. గ్రాండ్‌గా ఉంటుంది” అంది.

నేను చూద్దాంలే అని పెట్టేశాను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఆయన్ని వైన్ ఊరికి తీసుకెళ్తానా? కానీ ఫోన్ స్పీకర్‌లో ఉంది, ఆయన విన్నాడు.

“పోదాం. మనం ఏ ఊరూ చూడలేదు ఇంతవరకూ” అన్నాడు.

“అక్కడంతా అదేనండీ. ఇంటింటికీ పీపాలే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు మనోళ్లు.”

“అనుకోనీ. నేను తాగను, నువ్వు తాగవు. ద్రాక్ష కోసి వద్దాం.”

లిమరిక్‌లో కాలేజీలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను. తెలుగులో నేను చెప్పిందంతా విని, ఎప్పటిలాగే ఇంగ్లీషులో జవాబిచ్చింది. “లెట్ హిమ్ గో, మామ్. హీస్ గ్రాండ్.” నాన్నని పోనివ్వు, బాగానే ఉన్నాడని. అద్దం కొట్టి కొట్టి ఏడ్చిన పిల్లే ఆ మాట అనేసరికి నేను సెలవుకి అర్జీ పెట్టాను. టికెట్లు కొన్నాం.

డబ్లిన్ నుంచి వియన్నాకి విమానం, అక్కడ నుంచి స్నేహితురాలి కారు. చెక్ సరిహద్దు దాటిన కాసేపటికే కొండ మీద కోట కనిపించింది. రాతిబండ మీద లేతపసుపు గోడలు, గుండ్రటి బురుజు, దాని చుట్టూ ఎర్ర పెంకుల ఇళ్లు దిగుతూ వచ్చాయి. ఎదురుగా ఇంకో గుట్ట, దాని మీదికి పోయే దారి పొడవునా తెల్లటి చిన్న చిన్న ప్రార్థనా మందిరాలు. మిగతాదంతా ద్రాక్షతోటే. నిజం చెప్పాలంటే నాకు ఊరు చూడగానే నచ్చింది. రాళ్లు పరిచిన వీధులు శుభ్రంగా ఉన్నాయి. కిటికీల్లో పూలకుండీలు, గుమ్మాల్లో బెంచీలు, వాటి మీద కాళ్లు చాపుకుని కబుర్లాడే ముసలమ్మలు. ఎండ కాస్తోంది, గొడుగు అవసరం లేదు. మేయోలో ఉండే మనిషికి అదే సగం స్వర్గం.

స్నేహితురాలి ఇల్లు కోట వెనక సందులో ఉంది. తండ్రి డెబ్బై ఎనిమిదేళ్లవాడు, ఎర్రటి బుగ్గలు, ఒక కాలు చాపి కూర్చుంటాడు. తల్లి చిన్న మనిషి, ఆయాసం రోగి, అయినా ఒక్కచోట నిలవదు. మేం కూర్చోకముందే బల్ల మీద పళ్లెం పెట్టింది. గుండ్రటి తీపి రొట్టెలు, నడుమ గసగసాల ముద్ద, అంచున రేగుపళ్లలాంటి నల్లటి పళ్ల జామ్. పక్కనే సీసా, గ్లాసులు. నేను వెంటనే స్నేహితురాలితో “ఆయనకి షుగర్. ఒక్క చుక్క కూడా పొయ్యొద్దని అమ్మా నాన్నలకి చెప్పు” అన్నాను. ఆమె వాళ్ల భాషలో చెప్పింది. తల్లి “అయ్యయ్యో” అన్నట్టు మొహం పెట్టి, గ్లాసూ తీసేసింది, పళ్లెమూ తీసేసింది. మా ఆయన అప్పటికే ఒక రొట్టె మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నా వంక ఒక చూపు చూశాడు. కాజిల్‌బార్ ఆంటీలు విమానమెక్కి వచ్చేశారా అన్నట్టుంది ఆ చూపు.

సాయంత్రం పెద్దాయన మమ్మల్ని నేలమాళిగకి తీసుకెళ్లమని కొడుకుతో, అంటే నా స్నేహితురాలి తమ్ముడితో, చెప్పాడు. ఇంటి వెనక కొండలోకి తవ్విన గుహలాంటిది. పద్దెనిమిది మెట్లు దిగాలి. రెండు వైపులా పీపాలు, చల్లగా, పుల్లటి వాసన. కొడుకు ఒక పొడుగాటి గాజుగొట్టం తీశాడు. పైన సొరకాయ బుర్రలా ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని పీపాలోకి దించి, పై కొన నోట్లో పెట్టుకుని పీల్చాడు. పోయిన సంవత్సరపు వైన్ ఆ బుర్రలోకి ఎక్కింది. బొటనవేలితో మూసి, గ్లాసుల్లోకి వదిలాడు. అందరికీ అదే గొట్టంతో!

నాకు ఒళ్లు జలదరించింది. మంచినీళ్ల చెంబు పెదవికి తగిలిందంటే మా అమ్మ మళ్లీ తోమించేది. ఇక్కడ ఇంటి యజమాని నోటితో పీల్చింది అతిథులకి పోయడమే మర్యాదట. నాకిచ్చిన గ్లాసు రెండు చేతులా దణ్ణం పెట్టి తిరిగిచ్చేశాను, మా సంఘంలో మందు ముట్టరని చెప్పాను. భక్తీ శుభ్రతా ఒకేసారి అక్కరకొచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. మా ఆయన మాత్రం పీపాలు ఏ కర్రతో చేస్తారు, ఇనుప పట్టీలు ఎలా బిగిస్తారు అని హార్డ్‌వేర్ ప్రశ్నలు వేస్తూ నిలబడ్డాడు. అక్కడున్నంతసేపూ నా చెయ్యి ఆయన జబ్బ వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే తోటకి వెళ్లాం. నాలుగు వరసల తోట, కొండవాలున ఉంది. చేతికి ఒక చిన్న కత్తెర, కాళ్ల దగ్గర బకెట్. గుత్తిని కింద అరచేత్తో పట్టుకుని కాడ కత్తిరించాలి, కుళ్లిన గింజలు గిల్లి పారెయ్యాలి. మా ఆయనకి గంటలో పని చేతికొచ్చేసింది. నేను ఒక బకెట్ నింపేలోపు ఆయన మూడు నింపి, మోసుకెళ్లి ట్రాలీలో పోసి, ఈల వేస్తూ తిరిగొస్తున్నాడు. ఆయన ఈల విని ఎన్నాళ్లయిందో. మధ్యాహ్నం తోట గట్టున కూర్చుని వెల్లుల్లి పూసిన రొట్టె, మాంసం ముక్కలు, దోసకాయ ఊరగాయ తిన్నాం. పండిన ద్రాక్ష నోట్లో వేసుకుంటే వేళ్లు అంటుకుపోయేంత తీపి. మేం సెలవు పెట్టి ఇంత సుఖంగా ఎక్కడా కూర్చోలేదని నాకు అప్పుడు తోచింది. ఆ మాట ఆయనతో అనేశాను కూడా.

“చూశావా, నేను చెప్పలా?” అన్నాడు.

మూడో రోజు పండుగ. ఆ రోజు తోటపని లేదు. స్నేహితురాలి వాళ్లంతా బంధువులతో ఊరేగింపుకి వెళ్లారు, మేమిద్దరం ఊరు చూడ్డానికి బయల్దేరాం. చౌకులో బాజాలు, పూసలు కుట్టిన లంగాల్లో ఆడపిల్లలు, గుర్రాల మీద కిరీటాలు పెట్టుకున్నవాళ్లు. ఎండకి నాకు నాలుక పిడచకట్టింది. ఒక మూల బల్లల మీద ప్లాస్టిక్ సీసాల్లో మబ్బుగా, లేతపసుపుగా ఉన్నదేదో అమ్ముతున్నారు. మూతలు సరిగా బిగించలేదు, పైన నురగ. పిల్లల బండి తోసుకుంటూ వచ్చిన ఒకావిడ రెండు సీసాలు కొనుక్కెళ్లింది. అమ్మేవాడు నాకు రుచి చూడ్డానికి ఒక గుక్క ఇచ్చాడు. తియ్యగా ఉంది, తాజా ద్రాక్ష రుచి, నాలుక మీద కాస్త చురుక్కుమంది.

“బల్లకి కాచే రసమేనండీ ఇది. వడకట్టడం చేతకాలేదు వీళ్లకి, అంతే” అన్నాను. ఒక సీసా, రెండు కాగితం కప్పులు తీసుకున్నాను. చల్లగా ఉంది కదా అని నిలబడిన పాటున ఒక కప్పు తాగి, రెండోదీ తాగి, మూడోది నింపి స్వయంగా నా చేత్తో ఆయనకిచ్చాను.

ఆయన కప్పు పెదవుల దాకా తెచ్చి ఆగాడు. మెల్లగా దించి పక్కన రాతిగోడ మీద పెట్టాడు.

“ఇంక తాగబాక. ఇది రసం కాదు.”

“ఏం కాదు?”

“పొద్దున దించిన తాటికల్లు మజ్జానానికి ఎట్టా ఉంటదో అట్టా ఉంది వాసన. పులుస్తా ఉంది ఇది.”

“నాకు చెప్తారా? ఇరవై ఏళ్ల నుంచి కాస్తున్నాను ద్రాక్షరసం!” అన్నాను. అని ఊరుకున్నానా? ఆయన తప్పని రుజువు చెయ్యడానికి గోడ మీద కప్పు కూడా తీసుకుని గటగటా తాగేశాను. తర్వాత ఇల్లాలి బుద్ధి పోనిచ్చుకోకుండా సీసా మూత గట్టిగా బిగించి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను.

తెల్లమందిరాల గుట్ట ఎక్కడం మొదలుపెట్టాం. రెండో మందిరం దాకా బాగానే ఉంది. మూడో మందిరం దగ్గరికి వచ్చేసరికి దారి కాస్త పక్కకి ఒరిగింది. నాకు లోకం మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఎంత మంచి కొండ, ఎంత మంచి దేవుడు అనిపించి, గొంతెత్తి మన కీర్తన ఒకటి అందుకున్నాను. పైనుంచి దిగుతున్న యాత్రికులు ఆగి చప్పట్లు కొట్టారు. నేను వంగి దణ్ణం పెట్టబోతుంటే బ్యాగులో “ఫట్” మంది. సీసా మూత ఎగిరిపోయింది, నా చీరకుచ్చిళ్లు, శాలువా, బ్యాగులో పర్సు అన్నీ తడిసి నురగలు కక్కాయి. గుప్పుమని కొట్టింది వాసన. ఆ వాసన నాకు లిమరిక్ నుంచి తెలుసు.

ఆ పానీయం పేరు బుర్చాక్ అట. ద్రాక్షరసం వైన్‌గా మారుతున్న కొద్ది రోజులు మాత్రమే దొరుకుతుంది. లోపల పులుస్తూనే ఉంటుంది గనక మూత బిగించకూడదు. అక్కడ పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి. ఇదంతా సాయంత్రం స్నేహితురాలు చెప్పింది. కొండ మీద మాత్రం నాకు తెలిసింది ఒక్కటే. తొమ్మిదేళ్లు కాపలా కాసిన నేను, నా చేత్తో, నవ్వుతూ, ఆయనకి మందు పోసిచ్చాను.

మందిరం మెట్టు మీద కూలబడి భోరుమన్నాను. “నేనే ఇచ్చానండీ, నేనే ఇచ్చాను.”

“ఇస్తే ఇచ్చావులే. తాగలా గందా.”

“నిజంగా తాగలేదా? ఏదీ, ఒకసారి ఊదండి.”

ఆయన నా మొహంలోకి చూశాడు. ముందు పెదవి వణికింది, తర్వాత పొట్ట చేతపట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. “నీ ఒళ్లంతా కంపు కొడతంటే నన్ను ఊదమంటావేందే! ముందు నువ్వు ఊదు!” నాకూ నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను. ఆయన నా చెప్పులు ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని గుట్ట దించాడు.

ఇంటికి రావాలంటే నేలమాళిగల సందు దాటాలి. పండుగ కాబట్టి అందరి తలుపులూ తెరిచి ఉన్నాయి, వచ్చేపోయేవాళ్లకి గ్లాసులు అందిస్తున్నారు. మొదటి గుమ్మంలో ఒక పెద్దమనిషి గ్లాసు చాపగానే నేను అలవాటుగా “షుగర్...” అనబోయాను, నాలుక తిరగలేదు. ఈలోపు మా ఆయన ఇంగ్లీషులో “వద్దండీ, థాంక్యూ. నేను ఆల్కహాలిక్‌ని” అన్నాడు.

పేరు అడిగితే పేరు చెప్పినంత మామూలుగా అన్నాడు. ఆ పెద్దమనిషి తల ఊపి, గ్లాసు దించి, మంచినీళ్ల జగ్గు చూపించాడు. రెండో గుమ్మంలోనూ అదే మాట. మూడో గుమ్మంలో ఒకావిడకి ఇంగ్లీషు రాదు, పక్కనున్న కుర్రవాడు చెప్పాడు, ఆవిడ మా ఆయన భుజం తట్టి ఒక ద్రాక్షగుత్తి చేతిలో పెట్టింది. అంతే. ఆకాశం ఊడిపడలేదు. మీటింగుల్లో ఆయన ఆ మాట అంటాడని నాకు తెలుసు కానీ నా చెవులతో ఎప్పుడూ వినలేదు. నా మొహం భగ్గుమంది. తాగినందుకు కాదు. ఇన్నేళ్లూ సిగ్గు ఆయనకేమో అనుకున్నాను. సిగ్గంతా నాదే.

ఇంటి పెరట్లోకి అడుగుపెట్టేసరికి అక్కడ చిన్న గొడవ జరుగుతోంది. సాయంకాలం ఎండ ఇంకా గోడ మీద ఉంది. పెద్దాయన కర్ర నేలకేసి కొడుతూ కొడుకునీ కూతుర్నీ తిడుతున్నాడు. నా స్నేహితురాలు నా తడిసిన చీర చూసి, వాసన చూసి, విషయం అర్థమై పగలబడి నవ్వి, తర్వాత గొడవేమిటో చెప్పింది.

మేం కోసిన నల్లద్రాక్ష కింద నేలమాళిగలో రెండు తొట్లలో పులుస్తోంది. తొక్కలన్నీ పైకి తేలి గట్టిపడతాయి. పొద్దునా సాయంత్రం ఒకరు దిగి వాటిని తెడ్డుతో లోపలికి తొక్కాలి, లేకపోతే పాడైపోతుంది. కానీ ద్రాక్ష పులిసేటప్పుడు ఒక వాయువు వస్తుంది. కనిపించదు, వాసన ఉండదు, నేలబారుగా పేరుకుంటుంది. పీల్చినవాడు పడిపోతాడు. అందుకే తలుపులు ముందే తెరిచిపెట్టి, కొవ్వొత్తి వెలిగించి మోకాలి ఎత్తున పట్టుకుని దిగుతారు. మంట సన్నగిల్లితే వెనక్కి వచ్చెయ్యాలి. పై మెట్టు మీద ఇంకొకరు నిలబడి మాటిమాటికీ పిలవాలి, కిందివాడు పలకాలి. తాగినవాడు మాత్రం దిగకూడదు. ఆ ఇంట్లో తాతల నాటి కట్టుబాటు అది. ఈ రోజు పండుగని పిల్లలిద్దరూ పొద్దుటినుంచీ బుర్చాక్ తాగారు. పెద్దాయనకి మోకాలు, తల్లికి ఆయాసం. దిగేవాళ్లు లేరు.

“నేను దిగుతా” అన్నాడు మా ఆయన.

“మీకు ఒంట్లో బాగుండదు కదా, షుగర్...” అంది స్నేహితురాలు.

“షుగర్ లేదమ్మా. నేను తాగుబోతుని. మానేసి తొమ్మిదేళ్లయింది. ఈ ఊరంతటిలో ఇవాళ తాగని మగాడిని నేనొక్కడినేనేమో.”

ఆమె ఆ మాట వాళ్లవాళ్లకి చెప్పింది. తల్లి లోపలికి వెళ్లి గసగసాల రొట్టెల పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒకటి నోట్లో వేసుకున్నాడు, ఒకటి జేబులో వేసుకున్నాడు. పెద్దాయన తన చేత్తో కొవ్వొత్తి వెలిగించి ఇచ్చాడు.

నేను వెంట వెళ్లబోయాను. పెద్దాయన కర్ర అడ్డం పెట్టాడు. తాగినవాళ్లు దిగకూడదు. నా జీవితంలో ఆ మాట నాకు ఎవరైనా చెప్పాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. పై మెట్టు మీద కూర్చుని పిలవడం నీ పని అన్నారు. ఆయన వంగి, కొవ్వొత్తి కిందకి పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగి మలుపు తిరిగాడు. ఇక కనిపించలేదు. ఆ మలుపు అవతల ఆయన, ఆయన చుట్టూ పీపాలు.

“ఏవండీ!”

“ఆఁ!”

స్నేహితురాలు వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత అంది, “ఆరేళ్లు ఒకే షిఫ్టు. నా విడాకుల సంగతి మా అమ్మ కంటే ముందు నీకు చెప్పాను. నువ్వు నాకు షుగర్ అని చెప్పావు.”

“నువ్వు ఆయన్ని తక్కువగా చూస్తావని భయపడ్డాను.”

“చూసేదాన్నా?”

“చూసేదానివి కాదు. తప్పు నాదే” అన్నాను. ఆమె నా తడి శాలువా తీసేసి తన స్వెటర్ కప్పింది. నేను మళ్లీ పిలిచాను.

“ఏవండీ!”

“ఆఁ! తొక్కతన్నా, తొక్కతన్నా!”

కింద తెడ్డు చప్పుడు దబ్‌దబ్‌మని వినిపిస్తోంది. కాసేపటికి చప్పుడు ఆగింది. పిలిచాను. పలకలేదు. గట్టిగా పిలిచాను. పలకలేదు. మలుపు దగ్గర గోడ మీద పడే కొవ్వొత్తి వెలుగు కూడా లేదు. నేను లేచాను, పెద్దాయన కర్రని చేత్తో తోసేశాను, నాలుగు మెట్లు దిగాను. స్నేహితురాలు నా నడుము పట్టుకుని వెనక్కి లాగుతోంది. అయిపోయింది, మనిషి పోయాడు, పడిపోయాడు, నా పిల్లకి నాన్న లేడు. గొంతు చించుకుని ఆయన్ని పేరుపెట్టి పిలిచాను. పెళ్లయ్యాక ఆయన్ని పేరుతో పిలవడం అదే మొదలు.

“ఉన్నానే! అవతల చివర తొట్టికాడున్నా! వస్తన్నా!”

వెలుగు మలుపు తిరిగింది, వెనకే ఆయన. చేతులు మోచేతుల దాకా ఊదారంగు. నన్ను చూసి గబగబా మెట్లెక్కాడు.

“ఎందుకే అట్టా ఏడస్తన్నావు?”

“పలక్కపోతే... ఆ గాలికి చచ్చిపోయారనుకున్నా.”

ఆయన ఆగాడు. కొవ్వొత్తి ఇంకా చేతిలోనే ఉంది.

“అంతేనా అనుకుంది?”

“అంతే” అన్నాను. అప్పుడే నాకూ తెలిసింది. అన్ని పీపాల మధ్య ఆయన పలక్కుండా ఉన్న ఆ కాసేపట్లో, తాగుతున్నాడేమోనన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

ఆయన కొవ్వొత్తి ఊది ఆర్పేశాడు. నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఊదారంగు చేతులతో మొహం కప్పుకుని, భుజాలు ఎగిరెగిరిపడేలా ఏడ్చాడు. లిమరిక్‌లో గార్డులు వచ్చిన రోజు కూడా ఆయన ఏడవలేదు. పెద్దాయన తన కొడుకుని, కూతుర్ని లోపలికి పొమ్మని కర్రతో సైగ చేశాడు. మేమిద్దరం భోజనానికి పిలిచేదాకా అక్కడే కూర్చున్నాం.